పెన్ను ఆగిన చోట

తిప్పు నాయనా తిప్పు, ఎంతసేపు తిప్పుతావో తిప్పు, అనుకుంది అక్క, వేదిక పక్కన తెర చాటు నుంచి. దీపాల వెలుతురులో ప్రొఫెసర్ కుడిచేతి వేళ్ల మధ్య పెన్నును దొర్లిస్తూ, ఆవలింత ఒకరి నుంచి ఒకరికి ఎందుకు అంటుకుంటుందో జనానికి చెబుతున్నాడు. చెబుతూండగానే ముందు వరసలో ఒకాయన నోరు తెరిచాడు, ఆయన వెనక ఇద్దరు, ఆ తర్వాత హాలు హాలంతా. చూశారా చూశారా అని ప్రొఫెసర్ చప్పట్లు కొట్టాడు, జనం పగలబడి నవ్వారు. అక్కకూ గొంతులోంచి ఒక ఆవలింత ఎక్కి వచ్చింది, పళ్లు బిగించి దాన్ని మింగేసింది, ఈ మనిషి చెప్పినందుకు ఆవలించడం కన్నా దవడ విరగ్గొట్టుకోవడం నయం. ఇంట్లో తమ్ముడూ చెల్లెలూ అక్కా అక్కా అని పిలవగా పిలవగా చివరికి కన్నతల్లి కూడా అక్కా అనడం మొదలుపెట్టింది, ఈ విజ్ఞాన కేంద్రంలో చేరాక గుమాస్తా నుంచి కాపలాదారు దాకా అదే పిలుపు, అలా ఆమె అందరికీ అక్క అయిపోయింది, ప్రొఫెసర్ ఒక్కడికి తప్ప. ఆయన దగ్గర పరిశోధన చేసిన రోజుల్లో ఆమె 'అమ్మాయ్', ఇవాళ పొద్దున కారు దిగుతూ ఆమెను ఆనవాలు కూడా పట్టకుండా మళ్లీ 'అమ్మాయ్', జాడీలు సిద్ధమేనా అన్నాడు. సిద్ధమే సార్, అంది. ఎంత సిద్ధమో నీకేం తెలుసు, అని కడుపులో అనుకుంది.

నీళ్లలో నానితే వేళ్ల చివర్లు ఎందుకు ముడతలు పడతాయి, చీకట్లో నడిచేవాడు ఈల ఎందుకు వేస్తాడు, మనకు మనం చక్కిలిగిలి ఎందుకు పెట్టుకోలేం, అన్నిటికీ ఆయన దగ్గర పరిశోధనల జవాబుంది, చెప్పడంలో దిట్ట, అది ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలంటేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. మన వేలు మన చంకలో ఎక్కడ తగలబోతోందో మన మెదడుకు ముందే తెలుసు, అందుకే నవ్వు రాదు, అంటున్నాడు ఇప్పుడు. మరి నాకు వస్తుందా నవ్వు, అని అక్క తనను తాను అడిగింది. స్నానం చేస్తూ, కూరలు తరుగుతూ, బస్సులో కమ్మీ పట్టుకుని ఊగుతూ, ఈ పూటను ఆమె మనసులో ఎన్నిసార్లు నడిపి చూసుకుందో, ఇన్నిసార్లు ముందే తెలిసిపోయిన పని నిజంగా చేస్తే చక్కిలిగిలి పుడుతుందా లేక సొంత వేలిలా చప్పగా తగులుతుందా. పుట్టకపోతే పోనీ. ఆయనకు తగిలితే చాలు. పై అధికారి మొదటి వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, సాయంత్రానికి తన ఉద్యోగం ఊడుతుంది, అదీ తెలుసు, ఊడితే ఊడనీ, ఈ ఒక్క గంట కోసం ఆ ఉద్యోగాన్ని ఎప్పుడో మనసులో ఖర్చు పెట్టేసుకుంది.

ఉపన్యాసం చివర ఆయన పేరుమోసిన ప్రదర్శన ఉంటుంది, 'అమ్మ వాసన పరీక్ష'. హాల్లోంచి ఒక తల్లిని పిలుస్తారు. ఆమె బిడ్డను పక్క గదిలోకి తీసుకెళ్లి ఒంటి మీది బనీను విప్పి ఒక గాజు జాడీలో వేస్తారు, మిగతా రెండు జాడీల్లో వేరే పిల్లల బనీన్లు. తల్లి మూడు జాడీలూ వాసన చూసి తన బిడ్డది ఏదో చెప్పాలి. చెప్తుంది. ఎప్పుడూ చెప్తుంది. జనం ముక్కున వేలేసుకుంటారు, కొందరు కళ్లు తుడుచుకుంటారు. జాడీలు సర్దే పని అక్కది, సరైన జాడీ ఏదో తెర చాటు నుంచి వేళ్లతో సైగ చేసి ప్రొఫెసర్‌కు చెప్పే పని కూడా ఆమెదే, అది ఆయన పెట్టే నియమం, జవాబు నాకు ముందే తెలియాలి, లేకపోతే జనం ముందు తడుముకోవాల్సి వస్తుంది, అని. ఇవాళ ఆ సైగ తప్ప మిగతాదంతా అక్క మార్చేసింది. జాడీల్లో ఏ బిడ్డ బనీనూ లేదు. నిన్న దుకాణంలో కొని, ఉత్త వేడినీళ్లలో జాడించి, మూసిన గదిలో ఆరేసిన కొత్త బనీన్లున్నాయి. మూడిట్లోనూ అవే.

ఎందుకంటే వాసన కాదు, పెన్ను. ఆ సంగతి ఈ లోకంలో అందరికన్నా ముందు కనిపెట్టింది తనే. ప్రయోగశాలలో తీసిన వీడియోలను చూసి రాసుకోవడం అప్పట్లో ఆమె పని, ఓ మధ్యాహ్నం పక్క గదిలో మరమ్మతుల మోత భరించలేక శబ్దం ఆపేసి చూసింది. శబ్దం ఆగితే కన్ను పనిచేస్తుంది కాబోలు. తల్లి వంగుతుంది, ఎదురుగా ప్రొఫెసర్ పెన్ను దొర్లిస్తుంటాడు, తల్లి సరైన జాడీ మీదికి వంగగానే పెన్ను ఆగుతుంది. ఊపిరి కూడా ఆగుతుందేమో, భుజాలు అలా నిలిచిపోయేవి. తల్లి తల ఎత్తి ఇదేనండీ అంటుంది, పెన్ను మళ్లీ తిరుగుతుంది. ఇంకో తల్లి, ఇంకో తల్లి, అంతే. ఆ తల్లులకు తాము పెన్ను చూస్తున్నామని తెలియదు, ఆయనకు తన పెన్ను ఆగుతోందని తెలియదు. అప్పుడు ఆమెకు కోపం రాలేదు సుమా, ఎంత సంబరపడిందో, పరుగెత్తుకుంటూ ఆయన గదికి వెళ్లింది, గుడ్డు పెట్టిన కోడిలా.

"అంటే నేను మోసగాణ్ణంటావా?" అన్నాడు ఆయన.

కాదు సార్, మీకే తెలియకుండా, అంది. అయితే సరైన జాడీ ఏదో మీకూ తెలియకుండా ఒకసారి చేద్దాం సార్, అంది. చేశారు. తల్లుల్లో మూడింట ఒక వంతే సరిగ్గా చెప్పారు, కళ్లు మూసుకుని చీటీ తీసినట్టు చెప్పారు. తల్లులకు బిడ్డ వాసన తెలియదని కాదు, చాలామందికి తెలుసేమో, కొందరికి జలుబు చేసిన రోజున తెలియదేమో, ఆ గదిలో మాత్రం ఎవరూ వాసన చూసి చెప్పలేదు, ఆమె అన్నది అంతే. ఆయన కాగితాలు పక్కకు నెట్టి, జాడీల మూతలు నువ్వు సరిగ్గా బిగించలేదమ్మాయ్, నీ చేతిలో పని నిలవదు, అన్నాడు. తర్వాతి వారానికి ఆమె బల్ల దగ్గర వేరే అమ్మాయి కూర్చుంది. వ్యాసం అచ్చయింది, పేరొచ్చింది, టీవీలొచ్చాయి, వాసన పట్టలేని తల్లికి బిడ్డతో బంధం సరిగా ముడిపడనట్టే అన్న ముక్క ఒకటి ఆయన నోటి నుంచి జారింది, ఆ ముక్క పట్టుకుని ఓ ప్రసూతి ఆసుపత్రి బాలింతలందరికీ ఆ పరీక్ష పెట్టడం మొదలుపెట్టింది. తన పని పోయినందుకు అయితే ఆమె పళ్లు నూరుకుని ఊరుకునేదే. ఊరుకోలేకపోయింది చెల్లెలి వల్ల.

చెల్లెలు ఆ ఆసుపత్రిలోనే కంది. పరీక్ష పెట్టింది స్వయానా ప్రొఫెసరే, వారానికోసారి వచ్చేవాడు. చెల్లెలికి సిగ్గెక్కువ, పెద్దవాళ్ల ముందు తల ఎత్తేది కాదు, పైగా ఏ పని చేసినా మనసుపెట్టి చేసే పిల్ల, వాసన చూడమంటే కళ్లు గట్టిగా మూసుకుని వాసనే చూసింది. తప్పింది. ఎదురుగా పెన్ను ఆగింది, ఆమె చూస్తే కదా. కుట్లు పచ్చిగా ఉన్నాయి, నిద్ర లేక ముక్కు దిబ్బడ వేసి ఉంది, అదెవరికి కావాలి. ఇంకోసారి పెట్టారు, మళ్లీ కళ్లు మూసుకుంది, మళ్లీ తప్పింది. బంధం బలహీనం అని కాగితం మీద రాసిచ్చారు. అత్తగారు ఆ మాటను అరిగిపోయేదాకా వాడింది. బిడ్డ ఏడిస్తే, నీకెందుకులే నీకు తెలియదు, అని చేతుల్లోంచి తీసుకునేది. బిడ్డ నవ్వితే, చూశావా నా దగ్గరైతే నవ్వుతాడు, అనేది. మొగుడు మంచివాడే, అంటే అమ్మ మాటకు ఎదురు చెప్పనంత మంచివాడు. ఆ పరీక్ష శుద్ధ తప్పు అని అక్క వెళ్లి వాళ్ల ముందు గంట సేపు గొంతు చించుకుంటే, మీకు ఆ సారంటే పడదు కదండీ వదినగారూ, అని మెత్తగా అన్నాడు. చెల్లెలు కూడా నమ్మలేదు. అక్క మాట కన్నా ఆసుపత్రి ముద్ర పెద్దది. బాబుకు ఇప్పుడు నాలుగేళ్లు, నానమ్మను అమ్మా అంటాడు, అమ్మను ఏమీ అనడు, కొంగు పట్టి లాగుతాడు. చెల్లెలు వాడికి నీళ్లు పట్టాలన్నా ముందు అత్తగారి ముఖం చూస్తుంది. కళ్లద్దాల దుకాణంలో పనిచేసిన పిల్ల, అక్షరాల పలక ముందు కొమ్ములు తిరిగినవాళ్లను కూర్చోబెట్టి చదవండి చదవండి అని దబాయించిన పిల్ల, ఇప్పుడు గ్లాసు ఎత్తాలంటే ముఖం చూస్తుంది, నవ్వాలంటే ముఖం చూస్తుంది.

అందుకే ముందు వరసల్లో కుర్చీలు పట్టిపెట్టి అత్తగారినీ చెల్లెలినీ బాబునూ రప్పించింది. ఎందుకో చెప్పలేదు. అత్తగారు తన చెవులతో తనే వినాలి.

మొదటి తల్లి వచ్చింది, నవ్వుతూ తుళ్లుతూ. అక్క ఆ పాప బనీను మార్చి, కొత్త బనీన్ల జాడీలు మూడూ బల్ల మీదికి పంపించి, తెర చాటు నుంచి రెండు వేళ్లు చూపించింది. ప్రొఫెసర్ కనురెప్పతో సరేనన్నాడు. తల్లి మొదటిది చూసింది, రెండోదాని మీదికి వంగింది, పెన్ను ఆగింది. "ఇదేనండీ, మా బంగారుతల్లిది!" హాలు చప్పట్లతో మారుమోగింది. అక్కకు అరికాళ్ల నుంచి వేడి ఎగదన్నింది. బంగారుతల్లి వాసనట, దుకాణం వాసన. రెండో తల్లి కాస్త గట్టిపిండం, మూడుసార్లు తిప్పి తిప్పి చూసింది, ఈసారి అక్క ఒక వేలు చూపించింది, పెన్ను ఒకటి దగ్గర ఆగింది, ఆవిడా ఒకటే అంది. ఇక చాలు. ఇంతకన్నా ఎవరికీ ఏమీ రుజువు చెయ్యనక్కర్లేదు, తెర తొలగించుకుని వెళ్లి నాలుగు మాటలు చెప్తే అయిపోతుంది. కాలు ముందుకు వేసింది కూడా.

"మా కోడలు వస్తుందండీ!" అని అత్తగారు లేచి నిలబడింది. "ఇదివరకు మీ దగ్గరే తప్పిందండి. ఇప్పుడైనా పడుతుందేమో చూడండి, నలుగురిలో!"

నలుగురిలో అన్న మాటను ఆవిడ ఎంత తియ్యగా అందో. జనం కిసుక్కుమన్నారు. ప్రొఫెసర్ చేతులు చాపి, రండమ్మా రండి, బంధం ఎప్పుడైనా బలపడొచ్చు, అన్నాడు. చెల్లెలు అత్తగారి ముఖం చూసింది, లేచింది. అక్క వేసిన కాలు అలాగే ఉండిపోయింది. ఆపాలి, ఇప్పుడే వెళ్లి ఆపాలి, అనుకుంటూనే ఉంది, బాబు చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి నడుస్తూనే ఉంది. పెద్దమ్మా నాకు చాక్లెట్ ఇస్తారా అన్నాడు వాడు. ఇస్తారు నాన్నా, చేతులు పైకెత్తు, అంది. బనీను విప్పింది. వెచ్చగా ఉంది, చెమటా సబ్బూ బిస్కట్టు పొడీ కలిసిన వాసన, దాన్ని ముఖానికి ఆనించుకోకుండా ఉండలేకపోయింది. ఇది జాడీలో వేస్తే? మూత తీసి, కొత్తది తీసేసి, ఇది వేస్తే? చెల్లెలు పడితే నిజంగా పట్టినట్టు ఉంటుంది, పట్టకపోతే పట్టనట్టు ఉంటుంది, ఏదైనా నిజంగా ఉంటుంది. కానీ అప్పుడు ముగ్గురిలో ఒకరిది నిజం, ఆయన దానిమీద వాలిపోతాడు, చూశారా ఈమె పట్టింది కదా అని తప్పించుకుంటాడు, నీళ్లు నమలడు, నవ్వుతాడు. ముగ్గురూ కొత్త బనీన్లకే కళ్లనీళ్లు పెట్టుకున్నారంటే ఇక ఆయనకు నిలబడడానికి చోటుండదు. ఇద్దరు తల్లులతో సరిపోయేదే, సరిపోయేదని ఆమెకు తెలుసు, అయినా మూడో తల్లి కావాలనిపించింది, అందులోనూ ఈ తల్లే కావాలనిపించింది, ఈ దెబ్బ ఈ పిల్ల చేతి మీదుగానే పడాలని నాలుక మీద నీళ్లూరాయి. చెల్లెలు ఎలాగూ కళ్లు మూసుకుంటుంది, దాని స్వభావం నాకు తెలియదా, ఏదో ఒకటి చెప్తుంది, తప్పితే తప్పుతుంది, అప్పుడు నేను వెళ్లి తప్పు దానిది కాదని నలుగురిలో చెప్తాను, అని తనకు తాను సర్ది చెప్పుకుంది. బాబుకు కొత్త చొక్కా తొడిగింది. వాడి బనీను బల్ల సొరుగులో పడేసింది. తెర దగ్గరికి వచ్చి మూడు వేళ్లు చూపించింది.

చెల్లెలు కళ్లు మూసుకోలేదు.

మొదటి జాడీ మీదికి వంగింది, కళ్లు మాత్రం పైకి, ఎదుటివాడి మీద. ఆ చూపు అక్కకు తెలుసు. ఆ ఇంటి వంటగదిలో చూసింది, భోజనాల బల్ల దగ్గర చూసింది, గ్లాసు ఎత్తే ముందు చూపు, నవ్వే ముందు చూపు. నాలుగేళ్లలో ఆ పిల్ల నేర్చుకున్న విద్య అదొక్కటే, ఎదుటివాడి కనుబొమ కదలకముందే దాని అర్థం చదివేయడం. కళ్లు మూసుకుని నిజాయితీగా తప్పినప్పుడు తల్లి కాదన్నారు, ఇప్పుడు ముఖాలు చూసి బతకడం వంటబట్టాక తల్లి అనబోతున్నారు. వద్దు, అనుకుంది అక్క, తల పక్కకు తిప్పుకో తల్లీ, కింద చూడవే. రెండో జాడీ. పెన్ను తిరుగుతోంది. మూడో జాడీ. పెన్ను ఆగింది. చెల్లెలి ముక్కు ఇంకా జాడీలోకి పూర్తిగా వంగనే లేదు.

"ఇది," అంది చెల్లెలు. "ఇదేనండీ. మావాడిదే."

"ఔనమ్మా! మూడే!" అన్నాడు ప్రొఫెసర్.

హాలు లేచి నిలబడింది. చెల్లెలు జాడీని రెండు చేతులా గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది, నవ్వుతోంది, తెర వైపు తిరిగి, అక్కా పట్టానే, పట్టానక్కా, అంటోంది. అత్తగారు కుర్చీలో కూలబడింది. ప్రొఫెసర్ ఒక చెయ్యి చెల్లెలి భుజం మీద వేసి, పరిశోధన అంటే ఇదండీ, మనిషిని మనిషికి తిరిగి ఇవ్వడం, అంటున్నాడు. ఇన్నేళ్లూ తను కోరుకున్న క్షణం ఇదే, చేతికందేంత దూరంలో పండి ఉంది, దాన్ని కొయ్యాలంటే ముందు ఆ పిల్ల చేతుల్లోంచి ఆ జాడీ లాక్కోవాలి. వదిలేస్తే? ఈ అబద్ధంతో ఇంటికి వెళ్తే చెల్లెలు ఇవాళ రాత్రి కొడుకును పక్కలో వేసుకుని పడుకుంటుంది, అత్తగారు ఒక మాట అనదు. రేపు అంటుంది. ఎల్లుండి ఇంకో పరీక్ష పెడుతుంది. ప్రొఫెసర్ ఇంకో ఊళ్లో ఇంకో పెన్ను తిప్పుతాడు, ఇంకెవరో కళ్లు మూసుకుంటారు. ఇవన్నీ మంచి కారణాలే. కానీ అక్క తెర తొలగించుకుని బయటికి నడిచింది ఆ కారణాల కోసం కాదు, చెల్లెలి భుజం మీద ఉన్న ఆ చెయ్యి చూసి. మెట్ల దగ్గర పిల్లవాళ్ల ప్రశ్నల కోసం పెట్టిన మైకు తీసుకుంది.

"జాడీల్లో ఏ బిడ్డ బనీనూ లేదండీ," అంది. "మూడూ నిన్న నేను కొన్న కొత్తవే. ఇందాక ఆ ఇద్దరికి పెట్టినవీ అంతే. ఎవరూ వాసన చూసి చెప్పలేదు. సరైనదని ఈయన అనుకున్న జాడీ దగ్గర ఈయన పెన్ను ఆగుతుంది. అందరూ అది చూసి చెప్పారు."

చప్పట్లు చివరి వరసల నుంచి మొదటి వరస దాకా ఆరిపోయాయి. ప్రొఫెసర్ తన చేతిలోని పెన్ను వైపు చూసుకున్నాడు, తర్వాత ఆమె వైపు.

"నువ్వా?" అన్నాడు.

ఆ 'నువ్వా' కోసమే కదా ఇన్నాళ్లూ. ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం, పై అధికారి గుడ్లప్పగించడం, కుర్చీల్లో గుసగుసలు, అన్నీ అనుకున్నది అనుకున్నట్టే ఉన్నాయి. ఆమె వాటిని చూడలేదు. చెల్లెలు జాడీ మూత తీస్తోంది. బనీను బయటికి తీసి, విప్పి, వెలుతురుకు పట్టి చూసింది. మెడ దగ్గర దుకాణం చీటీ దారం ఇంకా ఉంది.

"అయితే ఇప్పుడు నేను పట్టింది మావాడి వాసన కాదా?"

"కాదమ్మా."

"మరి అప్పుడు తప్పింది?"

"అదీ ఇంతే. నువ్వు కళ్లు మూసుకున్నావు. మిగతావాళ్లు ఆయన్ని చూశారు. నీ తప్పేమీ లేదు, ఎప్పుడూ లేదు."

చెల్లెలు కళ్లు తుడుచుకుంది, ఆ బనీనుతోనే. కుర్చీలో ఉన్న అత్తగారిని చూసింది, ప్రొఫెసర్‌ను చూసింది. చివరికి అక్కను చూసింది, ఆ చూపులో అనుమతి అడగడం లేదు.

"ఇవాళ నాకు పెట్టిన జాడీలు కూడా నువ్వే సర్దావా?"

"నేనే."

"వాడి బనీను నీ చేతిలో ఉండగా?"

అక్క తల ఊపింది.

"ఆ మైకు ఇలా ఇవ్వు," అంది చెల్లెలు.

అక్క ఇచ్చేసింది. ఆ పిల్ల ఎవరితో మొదలుపెడుతుందో ఆమెకు తెలియలేదు, తనతోనే అయినా సరేనని అక్కడే నిలబడింది.